‘అభినందన’ పక్షాన నాలుగు మాటలు

ఇళయరాజా తెలుగులో చేసిన ఆల్బముల్లో అన్నిటికన్నా గొప్పది ఏది? నిజామాబాదులోనూ బోధనులోనూ పాటల పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురు కూడిన చోట ఈ ప్రశ్న లేవకుండా ఉండదు. లేచిన ప్రశ్న తేలకుండానే చాయ్ గ్లాసులు ఖాళీ అవుతాయి, గొంతులు పెరుగుతాయి, "గట్లెట్ల అంటవ్ అన్నా?" అంటూ ఒకరు లేచి నిలబడతారు, మళ్ళీ కూర్చుంటారు. కొన్ని దశాబ్దాలుగా సాగుతున్న ఈ తగవులో నేనూ ఒక పక్షం వాడినే. మా పక్షానికి జనబలం తక్కువ. అయినా న్యాయం మావైపే ఉందని నా నమ్మకం. ఆ నమ్మకానికి కారణాలు చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. ఇక్కడ అడుగుతున్నది గొప్ప పాట ఏది అని కాదు. పాట సంగతి వేరు. ఒక్క పాటను పట్టుకుని వాదిస్తే ఎవరి మనసుకు తగిలిన పాట వారికి గొప్పది, అక్కడితో చర్చ ముగిసిపోతుంది. అడుగుతున్నది ఆల్బము గురించి. అంటే ఒక చిత్రానికి చేసిన పాటలన్నీ కలిసి ఒక్క వస్తువుగా నిలబడ్డాయా లేదా అన్నది. ఈ భేదాన్ని మరిచిపోవడం వల్లనే మన చర్చలు సగం దారిలో పక్కకు పోతుంటాయి.

నిజానికి ‘ఆల్బము’ అన్న మాట అప్పట్లో మా ప్రాంతంలో ఎవరూ అనేవారు కారు. అందరికీ అది ‘క్యాసెట్టు’. టేపు రికార్డరు సెల్లులతో నడిచేది. ఫార్వర్డు నొక్కితే సెల్లులు త్వరగా నీరసించేవి, టేపు సాగేది, ఒక్కొక్కప్పుడు చిక్కుపడితే పెన్సిలు దూర్చి చుట్టుకోవలసి వచ్చేది. అందుచేత నచ్చని పాట వచ్చినా విని ఊరుకునేవారు. అలా ఊరుకోగా ఊరుకోగా కొన్నాళ్ళకు ఆ పాటే అన్నిటికన్నా ఇష్టమైపోయిన సందర్భాలు ఎన్నో. ఒక వైపు అయిపోయేదాకా వినడం అప్పటి శ్రోతకు రసజ్ఞత వల్ల అబ్బిన గుణం కాదు, యంత్రం నేర్పిన ఓపిక. ఆ ఓపిక వల్లనే క్యాసెట్టు మొత్తం మీద ఒక అభిప్రాయం ఏర్పడేది. (ఒకే క్యాసెట్టులో ఒక వైపు ఒక సినిమా, రెండో వైపు మరో సినిమా వేసి అమ్మిన రోజులు కూడా ఉన్నాయి. ఆ జంటలు ఎంతగా మనసులో నాటుకుపోయాయంటే, ఇప్పటికీ ఒక చిత్రం చివరి పాట ముగియగానే రెండో వైపు మొదటి పాట కోసం చెవి ఎదురుచూస్తుంది.)

బోధను ప్రాంతానికి ఈ వినికిడిలో ఒక ప్రత్యేకత ఉంది. 1937లో శక్కర్‌నగరులో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ అల్లుకున్న జీవితం అది. తెలుగు, ఉర్దూ, మరాఠీ, మూడు భాషలూ బజారులో ఒకేసారి వినిపించే ఊరు. నిజాంసాగరు కాలువల కింద భూములు కొనుక్కుని కృష్ణా గోదావరి జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ‘క్యాంపులు’ ఒక పక్క, తరతరాలుగా ఇక్కడే ఉన్న ఊళ్ళు మరో పక్క. క్రషింగు సీజనులో చెరకు బండ్లు, ట్రాక్టర్లు కాటా కోసం బారులు తీరేవి. మొలాసిస్ వాసన గాలిలో నిండి ఉండగా, ఆ బారుల్లో కాలక్షేపానికి పాటలు. ఇంతమంది భిన్నమైన శ్రోతలు ఒకే సంగీతాన్ని విన్న చోట అభిప్రాయాలు ఏకం కావడం అసంభవం. అందుకే ఇక్కడి తగవు మిగతా ఊళ్ళ తగవు కన్నా రసవత్తరంగా ఉండేదని నా అనుమానం.

ఇలాంటి తగవు మనకు మాత్రమే సొంతం కాదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పుట్టిన రాక్ బృందాల అభిమానులకూ ఇదే జబ్బు. ఆల్‌మన్ బ్రదర్స్ బృందానికి 1971లో వచ్చిన ‘ఎట్ ఫిల్మోర్ ఈస్ట్’ను మించినది లేదని చాలామంది అంటారు. అది కచేరీలో రికార్డు చేసినది కదా, దానిని లెక్కలోకి ఎలా తీసుకుంటారని మరికొందరు అడ్డుపడతారు. లినర్డ్ స్కినర్డ్ అభిమానుల్లో 1973 నాటి తొలి ఆల్బము వారిది ఒక వర్గం, 1977లో విడుదలైన మూడు రోజులకే విమాన ప్రమాదంలో బృంద సభ్యులను పోగొట్టుకున్న ‘స్ట్రీట్ సర్వైవర్స్’ వారిది మరో వర్గం. అయితే వారికొక సౌకర్యం ఉంది. ఆ ఆల్బములో మంచిచెడ్డలన్నీ ఆ బృందానివే. మన దగ్గర అలా కాదు. కథ ఒకరిది, సందర్భం దర్శకుడిది, మాట కవిది, గొంతు గాయకులది. అన్నిటినీ ఒక్క చోట ముడివేసినవాడు సంగీత దర్శకుడు. "సినిమా పాటలకు ఆల్బము అనే పేరే తప్పు" అనే పెద్దలు మా వైపూ ఉన్నారు. నేను ఒప్పుకోను. ముడి ఎంత బిగువుగా పడిందో చూడడమే మన పని, ఆ చూపుకు సినిమా అడ్డు కాదు.

ఇక పక్షాల సంగతి.

అన్నిటికన్నా గౌరవనీయమైన పక్షం ‘సాగరసంగమం’ (1983) వారిది. ఇళయరాజాకు మొదటి జాతీయ పురస్కారం తెచ్చిన చిత్రం, బాలసుబ్రహ్మణ్యానికీ ఒక పురస్కారం తెచ్చిన చిత్రం. వేటూరి సాహిత్యం, హిందోళం, హంసానంది వంటి రాగాలు. సంగీతం నేర్చుకున్న మాస్టర్లు, రిటైరైన ఉపాధ్యాయులు సాధారణంగా ఈ పక్షాన ఉంటారు. వారితో వాదించడానికి భయం వేస్తుంది. అయినా నా ఆక్షేపణ ఒకటి ఉంది. అందులో సంగీతం నాట్యానికి అంకితం. పాట వింటున్నంతసేపూ కళ్ళ ముందు కమలహాసన్ అడుగులు, విశ్వనాథ్ చూపించిన మెట్లు, వాన. ఆ పాటలు తెరతో కలిసి గొప్పవి. పైగా త్యాగరాజ కీర్తన కూడా అందులో ఒక పాటై కూర్చుంది. అఠాణా రాగంలోని ఆ కీర్తన గొప్పతనాన్ని ఇళయరాజా ఖాతాలో ఎలా జమ వేస్తాం?

రెండోది వంశీ పక్షం. ‘సితార’ (1984), ‘అన్వేషణ’ (1985) వారికి ప్రాణం. క్యాంపుల్లో ఈ పక్షం బలంగా ఉండేది, కారణం తేలికగానే ఊహించవచ్చు. వదిలి వచ్చిన ఊరి నది పాటలో వినిపిస్తే ఎవరికి మాత్రం గొంతు బిగుసుకోదు? ‘సితార’లో గోదారి మీద ఉన్న పాటకు జానకికి జాతీయ పురస్కారం కూడా వచ్చింది. ఇక్కడ ఒక చిన్న పితూరీ పెట్టుకోవాలనిపిస్తుంది. గోదావరి తెలంగాణలోకి అడుగు పెట్టేది మా కందకుర్తి దగ్గర, బోధనుకు కూతవేటు దూరంలో. అక్కడే మంజీర వచ్చి కలుస్తుంది. కానీ సినిమా పాటలో గోదారి అంటే రాజమండ్రి గోదారే. కందకుర్తి గోదారి మీద వేటూరి చేత ఒక్క పాటైనా ఎవరైనా రాయించి ఉంటే, ఈ వ్యాసం బహుశా వేరే పక్షాన నిలబడి ఉండేది. సరే, ‘అన్వేషణ’ విషయానికి వస్తే, అది సాహసం చేసిన ఆల్బము, సందేహం లేదు. అడవి, భయం, మిస్టరీ అన్నీ వాద్యాల్లో పలికించిన పని. కానీ అందులో గుండెను తాకే భాగం కన్నా మెదడును ఆశ్చర్యపరిచే భాగమే ఎక్కువ అని నాకు అనిపిస్తుంది.

మూడోది ‘రుద్రవీణ’ (1988) పక్షం. సిరివెన్నెల అక్షరాలకు దండం పెట్టే కుర్రకారు, వామపక్ష సంఘాల్లో తిరిగినవారు, యూనియన్ మనుషులు ఇందులో కనిపించేవారు. చిరంజీవి చిత్రమైనా థియేటరులో పెద్దగా ఆడలేదు. అయినా ఇళయరాజాకు మరో జాతీయ పురస్కారం తెచ్చింది. ఈ పక్షానికి నా గుండెలో సగం చోటు ఎప్పుడూ ఉంది. ఇళయరాజా బాల్యం తెలిసినవారికి ఆ చిత్రం ఆయనకు ఎంత దగ్గరిదో ఇట్టే అర్థమవుతుంది. అన్న పావలర్ వరదరాజన్ నడిపిన బృందంతో ఊరూరా తిరిగి, కమ్యూనిస్టు సభల్లో పాటలు వాయిస్తూ పెరిగినవాడు ఆయన. శాస్త్రీయ సంగీతం పల్లెకు, పేదవాడికి ఏం చేస్తుందన్నది ఆ కథలోని ప్రశ్న, సంగీత దర్శకుడి సొంత ప్రశ్న కూడా. కానీ ఆల్బముగా చూస్తే అది రెండు స్వభావాల మధ్య ఊగుతుంది. ఏసుదాస్ పాడిన సంప్రదాయ గీతాలు ఒక లోకం, బాలు పాడిన ప్రబోధ గీతాలు మరో లోకం. కథకు ఆ చీలిక అవసరమే. క్యాసెట్టుకు మాత్రం అది చీలికగానే మిగిలింది.

నాలుగోది, సంఖ్యలో అన్నిటికన్నా పెద్దది, ‘గీతాంజలి’ (1989) పక్షం. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క చిత్రం. నిజామాబాదులో ఆ కాలంలో కాలేజీలో చదివినవాడెవడైనా ఈ పక్షం వాడే అనుకోవచ్చు. వాదనకు ఎదురు నిలబడగల అసలు ప్రత్యర్థి ఇదే. గుండె చప్పుడునే తాళంగా చేసిన పాట ఉన్న ఆల్బమును తేలికగా ఎవరు తీసిపారేస్తారు? పాటలన్నీ వేటూరివే. మృత్యువు తలుపు దగ్గర నిలబడి ఉందని తెలిసి కూడా నవ్వే ఇద్దరి గొడవ అది. ఒప్పుకుంటాను. అయినా ఒక్క మాట. ‘గీతాంజలి’ పాటల్లో ఒకటి రెండు చిత్రంలో అల్లరికీ ఆటకూ పుట్టినవి. విడిగా వింటే హుషారుగానే ఉంటాయి గాని, తీసివేస్తే మిగతా పాటలకు లోటు రాదు. నా కొలత ఇక్కడే ఉంది. ఒక్క పాట తీసివేసినా మిగతావి కుంటుపడాలి. అది ఆల్బము.

మరికొన్ని చిన్న పక్షాలు ఉన్నాయి. ట్రాక్టర్ల మీద హోరెత్తిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ (1990) పక్షానికి వాదన అక్కరలేదు, వాల్యూము చాలు. సినిమాకు సంబంధం లేని ‘హౌ టు నేమ్ ఇట్’ (1986), హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో వచ్చిన ‘నథింగ్ బట్ విండ్’ (1988) మాత్రమే అసలు సిసలు ఆల్బములనే మేధావులు ముగ్గురో నలుగురో ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. 2025 మార్చిలో లండనులో ఆయన సింఫనీ వినిపించిన తరువాత వారి గొంతు కొంచెం పెరిగింది.

ఇక మా పక్షం. ‘అభినందన’, 1988. దర్శకుడు అశోక్ కుమార్, ప్రధానంగా ఛాయాగ్రాహకుడు. కార్తీక్, శోభన నటించారు. పాటలన్నీ ఆత్రేయవి. గొంతులు రెండే, బాలు, జానకి. జాతీయ పురస్కారం లేదు, పెద్ద హీరో లేడు. చిత్రం చూడకుండా పాటలు మాత్రమే కంఠతా వచ్చినవారు మా వైపు లెక్కలేనంతమంది. నా దృష్టిలో ఇది లోపం కాదు, సాక్ష్యం. తెర ఆసరా లేకుండా ఇంతకాలం నిలబడిన ఆల్బము అది.

ఆ ఆల్బములో గొంతుల పంపకాన్ని ఎవరూ పట్టించుకోరెందుకో నాకు ఆశ్చర్యం. మంచు కురిసే వేళలో ప్రేమ మొదలయ్యే పాట ఉంది. అందులో ఇద్దరూ ఉన్నారు. రంగుల గురించిన పాటలో ఇద్దరూ ఉన్నారు. అల్లరి పాటలోనూ ఇద్దరూ ఉన్నారు. ప్రేమ చెదిరిన తరువాత పాటల్లో జానకి లేదు. బాలు ఒక్కడే. ఒకటి కాదు, వరుసగా ఒంటరి పాటలు. కథ తెలియనివాడికి కూడా ఏదో జరిగిందని, ఒక మనిషి లేకుండా పోయిందని చెవి చెబుతుంది. యుగళంలో పక్కన పలికిన గొంతు కోసం మనం వెతుక్కుంటాం, అది రాదు. క్యాసెట్టులో పాటల క్రమం ఏదైనా కానివ్వండి, ఆ లేమి తెలిసిపోతుంది. సంతోషపు పాటలు తీసివేస్తే విషాద గీతాలకు అర్థం సగమవుతుంది. విషాదం తీసివేస్తే సంతోషం వట్టి డ్యూయెట్టుగా మిగులుతుంది. నేను పైన చెప్పిన కొలతకు ఇంతగా సరిపోయిన ఆల్బము తెలుగులో మరొకటి నాకు కనిపించలేదు.

"అన్నీ ఏడుపు పాటలే గదనే!" అని ఎదుటి పక్షం ఎప్పుడూ వేసే ఆక్షేపణ. ఏడుపు పాట అంటే నడక మందగించాలి, వయొలిన్లు మూలగాలి, అది అప్పటి రివాజు. ఇళయరాజా ఆ రివాజు పాటించలేదు. ప్రేమ లేదని మొదలయ్యే పాటను తీసుకోండి. నడక ఎక్కడా కుంగదు, గిటారు పరుగు ఆగదు. మనిషి లోపల కూలిపోతున్నాడు, కాలం మాత్రం తన వేగంతో తాను పోతూనే ఉంది. ఆత్రేయ కూడా అంతే. నెల్లూరు జిల్లా మంగళంపాడులో పుట్టిన ఆ మనసు కవి అప్పటికి జీవితపు చివరి అంచున ఉన్నాడు, మరుసటి ఏడే, 1989లో పోయాడు. నిఘంటువు అక్కరలేని మాటలు, ఇంట్లో మాట్లాడుకునే మాటలు. వేటూరి పాటలో ఒక మాట వినగానే ‘ఆహా’ అంటాం. ఆత్రేయ పాటలో మాట వినిపించినట్టే ఉండదు, అర్థం మాత్రం లోపలికి వచ్చి కూర్చుని ఉంటుంది. ఇలాంటి సాహిత్యానికి వాద్యాల రద్దీ ఉంటే ఊపిరాడదు. ఇళయరాజా ఎక్కడ తగ్గాలో తెలిసి తగ్గిన ఆల్బము ఇది.

ఉర్దూ మాతృభాషగా ఉన్న ఒక మిత్రుడు, చక్కెర మిల్లులో ఫిట్టరుగా చేసినవాడు, తెలుగు పాటల మాటలు తనకు సగం కూడా తెలియవని చెబుతూనే మా తగవులో చేరేవాడు. "భాయ్, మాటలు మీరు సమజ్ చేసుకోండ్రి. బీచ్‌ల వచ్చే మ్యూజిక్ నాకు సమజైతది" అనేవాడు. చరణాల మధ్య వచ్చే వాద్య సంగీతం అన్నమాట. మొదటి చరణానికి ముందు వచ్చినది రెండో చరణానికి ముందు మళ్ళీ రాకుండా కొత్తది రాస్తాడని, ఒక్క పాట కోసం రెండు పాటలంత పని చేస్తాడని ఆయన లెక్క. ఆయన ఓటు ‘గీతాంజలి’కే, అందులో సందేహమేమీ లేదు. కానీ ఆయన వినే పద్ధతి మా అందరికన్నా నిజాయితీ గలదని నా అభిప్రాయం. హీరో ఎవరు, పురస్కారం వచ్చిందా, నది ఎవరిది అన్నవి ఆయన తీర్పులో లేవు.

ఇదంతా ఇప్పుడెందుకు అంటే, తగవు ఆరిపోతోంది. అందరూ ఒప్పుకున్నందువల్ల కాదు, తగవు పడవలసిన వస్తువే కనుమరుగవుతున్నందువల్ల. ఫోనులో ఇప్పుడు వచ్చేది ‘ఇళయరాజా హిట్స్’. యాభై పాటలు, ఒక్కొక్క చిత్రం నుంచి ఒకటో రెండో. ‘అభినందన’ నుంచి మూడు విషాద గీతాలు వచ్చి కూర్చుంటాయి, జానకి ఉన్న పాటలు బయట ఉండిపోతాయి. ఇంక లేమి ఎవరికి తెలుస్తుంది? లేనిది ఎవరో తెలియాలంటే ముందు ఉండాలి కదా. నచ్చని పాటను దాటడానికి వేలు కదిలిస్తే చాలు, ఏ సెల్లూ నీరసించదు, ఏ టేపూ తెగదు. ఇరవై ఏళ్ళ పిల్లలకు ఈ పాటలు తెలియవని నేను అనను. నాకన్నా ఎక్కువ పాటలు వాళ్ళకు తెలుసు. క్యాసెట్టు ఒక్కటీ తెలియదు.

మరొక నష్టం కూడా ఉంది. ఆ జాబితాల్లో పెద్ద అక్షరాలతో ఉండేది సంగీత దర్శకుడి పేరు ఒక్కటే. 2017లో ఇళయరాజా తరఫున బాలుకు తన పాటలు వేదికల మీద పాడవద్దని లీగల్ నోటీసు వెళ్ళినప్పుడు, మా మధ్య కూడా మాటలు పెరిగాయి. హక్కు ఎవరిదో న్యాయస్థానాలు చెప్పవలసిన మాట, దానిలోకి నేను పోను. కానీ ‘అభినందన’ను ఇళయరాజా ఒక్కడి సొత్తుగా వినడం నాకు చేతకాదు. ఆత్రేయ మాట, బాలు ఒంటరితనం, జానకి మౌనం లేకుండా ఆ స్వరాలు ఏమవుతాయి? ఏ క్యాసెట్టు గొప్పదని వాదించుకున్న రోజుల్లో ఈ పేర్లన్నీ ప్రతి చాయ్ బల్ల మీదా వినిపించేవి, వాదన గెలవడానికి అవి అవసరం కాబట్టి. తగవు పోతే పేర్లు పోతాయి. వేటూరి 2010లో పోయారు, బాలు 2020లో, సిరివెన్నెల 2021లో, విశ్వనాథ్ 2023లో. మనుషులు పోయిన తరువాత పేరు నిలబడేది మన నోళ్ళలోనే.

బోధను ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతబడింది. కాటా దగ్గర బారులు లేవు. ఆ కొలువుల్లో ఉన్నవారు తలా ఒక దిక్కుకు పోయారు, వారిలో మా మిత్రుడు ఫిట్టరు కూడా ఉన్నాడు. ఆయన ఇప్పుడు హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటున్నాడు. మొన్న రంజానుకు ఫోను చేసినప్పుడు కుశలాలు అయ్యాక, ‘అభినందన’ను ఒక్కసారి మొదటి పాట నుంచి చివరి పాట దాకా, మధ్యలో ఆపకుండా వినమని అడిగాను. విన్నాడట. రెండు రోజుల తరువాత చెప్పాడు: "అచ్ఛా హై భాయ్, జానకి ఎక్కడ పోయిందని నేను గూడ దేవులాడిన. గాని ఓటు మాత్రం మారదు."

సరే, మారకపోతే మానె. వెతుక్కున్నాడు కదా.